వర్క్ ఫ్రమ్ హోమ్ గదికి, వర్క్‌షాప్‌కి ఏ హీటర్ కొనాలి? శామీర్‌పేట, మేడ్చల్ చలిలో వాడి చూసిన లెక్క

డిసెంబర్ నెల. తెల్లవారుజాము మూడున్నర. అమెరికా ఈస్ట్ కోస్ట్‌లో అప్పుడు సాయంత్రం ఐదు. శామీర్‌పేటలో టెర్రస్ మీద ఉన్న నా పెంట్‌హౌస్ గదిలో క్లయింట్ కాల్ నడుస్తోంది. స్క్రీన్ షేర్ చేసి టైప్ చేస్తుంటే ఒక్కో పదంలో రెండు తప్పులు. రాక కాదు, వేళ్లు కొయ్యబారిపోయి. మర్నాడే ఆన్‌లైన్‌లో హీటర్ కోసం వెతికాను. "ఎనర్జీ సేవింగ్", "90 శాతం కరెంట్ ఆదా", "3 సెకన్లలో గది మొత్తం వెచ్చగా"... ఫోన్ రివ్యూలు రాసేవాడిని కదా, ఇలాంటి మాటలు చూస్తే చెయ్యి ఊరుకోదు.

అదే వారం మేడ్చల్ నుంచి మా బావ ఫోన్ చేశాడు. ఇంటి వెనక రేకుల షెడ్డులో మొబైల్, ల్యాప్‌టాప్ సర్వీస్ చేస్తాడు. "బామ్మర్దీ, రెండు వేల వాట్ల హీటర్ తెచ్చిన. గంట సేపు తిప్పినా చలి పోతలేదు. పీస్ ఖరాబున్నదా, నేనే మోసపోయిన్నా?" అన్నాడు.

పీస్ బాగానే ఉంది. బావ మోసపోలేదు కూడా. ఆ హీటర్‌కి అప్పజెప్పిన పనే తప్పు. మూడు రకాల హీటర్లు, ఒక ఫుట్ వార్మర్, ఒక 16 యాంప్స్ స్మార్ట్ ప్లగ్, రెండు డిజిటల్ థర్మామీటర్లు పెట్టుకుని కొన్ని రోజులు రెండు చోట్లా వాడి చూశాం. ఏ బ్రాండ్ అనేది ఇక్కడ ముఖ్యం కాదు. ఏ రకం, ఎక్కడ, ఎంత ఖర్చు అనేదే ముఖ్యం.

తొందరలో ఉన్నవాళ్ల కోసం ముందే చెప్పేస్తా: మన ప్రాంతంలో గదిని వేడి చేయాలనుకుంటే డబ్బు దండగ. మనిషిని వెచ్చగా ఉంచాలనుకుంటే నెలకి యాభై రూపాయల కరెంట్ కూడా అవ్వదు. ఎందుకో కింద చదవండి.

అసలు మనకి హీటర్ కావాలా?

"హైదరాబాద్‌లో హీటర్ ఏంటి బాస్" అని నవ్వేవాళ్లు ఉంటారు. కూకట్‌పల్లిలోనో, అమీర్‌పేటలోనో అపార్ట్‌మెంట్ మధ్య అంతస్తులో ఉంటే నవ్వొచ్చు. అటూ ఇటూ ఫ్లాట్లు, పైన ఫ్లాట్, కింద ఫ్లాట్. నాలుగు వైపులా దుప్పటి కప్పినట్టే.

ఊరి ఉత్తరం అంచు వేరే కథ. దక్కన్ పీఠభూమి మీద మనం సముద్ర మట్టానికి 500 మీటర్ల పైనే ఉన్నాం. సిటీలో కాంక్రీటు, తారు రోడ్లు పగలు పీల్చుకున్న వేడిని రాత్రంతా వదులుతుంటాయి. ఓఆర్ఆర్ దాటి మేడ్చల్, శామీర్‌పేట వైపు వస్తే ఖాళీ జాగాలు, పొలాలు, చెరువు. ఆకాశం తేటగా ఉన్న రాత్రి నేల వేడి నేరుగా పైకి పోతుంది. చలికాలంలో వాతావరణ వార్తలు గమనించండి. బేగంపేట కంటే హకీంపేట కనిష్ఠం తక్కువగా కనిపించే రోజులే ఎక్కువ. బేగంపేటలో ఇప్పటివరకు నమోదైన అత్యల్పం 6.1 డిగ్రీలు, 1946 జనవరి 8న. అంత చలి రోజూ ఉండదు, నిజమే. కానీ డిసెంబర్ మధ్య నుంచి సంక్రాంతి దాకా తెల్లవారుజామున 11, 12 డిగ్రీలు ఇటువైపు మామూలే.

రెండో సంగతి, మనకి చలి ఉండేది కొన్ని గంటలే. పొద్దున తొమ్మిదికి ఎండ ఎక్కితే స్వెటర్ తీసేస్తాం. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు, ఇక్కడ ఇంకా ముందే పోతుంది. కాబట్టి మన అవసరం ఏడాదికి ఆరు వారాలు, రోజుకి మూడు నుంచి ఐదు గంటలు. ఢిల్లీ వాళ్ల రివ్యూ చూసి అదే హీటర్ కొంటే లెక్క తప్పేది ఇక్కడే.

"ఎనర్జీ సేవింగ్ హీటర్" అంటే ఏంటి?

సూటిగా చెప్పాలంటే, ఏమీ లేదు.

కాయిల్ ఉన్న ఫ్యాన్ హీటర్, హాలోజన్, క్వార్ట్జ్ రాడ్, కార్బన్ హీటర్, పీటీసీ సిరామిక్, ఆయిల్ ఫిల్డ్ రేడియేటర్, ఇన్ఫ్రారెడ్ ప్యానెల్... ఇవన్నీ కరెంట్‌ని నేరుగా వేడిగా మార్చేవే. ఒక యూనిట్ కరెంట్ ఇస్తే ఒక యూనిట్ వేడి వస్తుంది. వెయ్యి రూపాయల హీటర్‌కీ అంతే, పన్నెండు వేల హీటర్‌కీ అంతే. నూనె ఉంటే ఎక్కువ వేడి పుట్టదు, పుట్టిన వేడి కాసేపు నిలుస్తుంది. పీటీసీ అయితే బాగా వేడెక్కాక తనంతట తానే కరెంట్ తగ్గించుకుంటుంది, దానివల్ల భద్రత పెరుగుతుంది. వేడి మాత్రం ఒకటికి ఒకటే.

సోషల్ మీడియాలో కనిపించే గోడ ప్లగ్‌కి తగిలించే బుల్లి హీటర్లు 400 వాట్స్. గది వేడి చేయడానికి అది ఏ మూలకీ చాలదు. దాని దగ్గర చెయ్యి పెడితే చెయ్యి వెచ్చబడుతుంది, అంతవరకే.

ఇంకో మాట కూడా పెట్టెల మీద ఉంటుంది: "ఆక్సిజన్‌ని కాల్చదు". ఏ ఎలక్ట్రిక్ హీటరూ ఆక్సిజన్‌ని కాల్చదు, అక్కడ మంటే లేదు కదా. కళ్లు, ముక్కు పొడిబారడానికి కారణం వేరే. గాలి వేడెక్కితే దాని తేమ శాతం తగ్గుతుంది. ఆక్సిజన్ తినేది బొగ్గుల కుంపటి. మూసిన గదిలో కుంపటి పెడితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. హీటర్ కొనడం మానినా పర్లేదు, కుంపటి మాత్రం లోపలికి తేవద్దు.

మరి హీటర్‌కీ హీటర్‌కీ తేడా ఎక్కడుంది? వేడి ఎటు పోతుంది అన్నదాంట్లో. ఫ్యాన్ హీటర్, ఆయిల్ హీటర్ గాలిని వేడి చేస్తాయి. హాలోజన్, క్వార్ట్జ్, ఇన్ఫ్రారెడ్ ఎండలా ఎదురుగా ఉన్నదాన్ని వేడి చేస్తాయి. ఫుట్ వార్మర్, హీటింగ్ ప్యాడ్ ఒంటికి తగిలి వేడినిస్తాయి. ఈ వరుసలో ముందుకు పోయే కొద్దీ వృథా తగ్గుతుంది.

టెస్ట్ 1: శామీర్‌పేట, 10 బై 12 గది

నా గదికి పైన ఆర్‌సీసీ స్లాబ్, రెండు బయటి గోడలు, ఒక కిటికీ, తలుపు కింద వేలు పట్టేంత సందు. నాలుగున్నరకి బయట 12.6, లోపల 19 డిగ్రీలు. గోడలు, స్లాబ్ పగటి వేడిని దాచుకోవడం వల్ల లోపల అంత ఉంది. 19 అంటే చలి కాదనిపిస్తుంది. కదలకుండా ఐదు గంటలు కూర్చుంటే తెలుస్తుంది.

ఫ్యాన్ హీటర్, 2000 వాట్స్: వేగంలో దీన్ని కొట్టేది లేదు. 20 నిమిషాల్లో గది 24 డిగ్రీలకి వచ్చింది. ఆపేశాక అరగంటలో మళ్లీ 20కి దిగింది. ఎందుకంటే వేడెక్కింది గాలి మాత్రమే. గోడలు చల్లగానే ఉన్నాయి, అవి ఆ వేడిని లాగేసుకున్నాయి. పైగా శబ్దం. కాల్‌లో అవతలి వాళ్లు "బయట వాన పడుతోందా?" అని అడిగారు.

హాలోజన్, ఒక రాడ్, 400 వాట్స్: ఎదురుగా పెడితే వెంటనే హాయిగా ఉంటుంది. ఒక కాలు కాలుతుంది, రెండో కాలు వణుకుతుంది. వీడియో కాల్‌లో ముఖం మీద నారింజ రంగు వెలుతురు పడుతుంది, వెబ్‌క్యామ్ వైట్ బ్యాలెన్స్ మొత్తం పాడవుతుంది. మధ్యలో పది నిమిషాలు కాచుకోవడానికి ఓకే, ఐదు గంటలు కూర్చోవడానికి కాదు.

ఆయిల్ హీటర్, 9 ఫిన్స్, 2000 వాట్స్: సౌకర్యంలో ఇదే నంబర్ వన్. శబ్దం లేదు, వెలుతురు లేదు, వేడి సమంగా పరుచుకుంటుంది. కానీ 40 నిమిషాల దాకా ఏమీ తెలియలేదు. థర్మోస్టాట్ మధ్యలో పెడితే మొదటి గంట 1.7 యూనిట్లు లాగింది. రెండో గంట నుంచి గంటకి యూనిట్‌కి కాస్త అటూ ఇటూ. షిఫ్ట్ ఐదు గంటలైతే ఐదున్నర యూనిట్లు అనుకోండి.

ఫుట్ వార్మర్, 60 వాట్స్: పాదాలు లోపల పెట్టుకునే మెత్తటి సంచి లాంటిది. ఒళ్లో గొంగడి కప్పుకున్నా. మన కురుమలు దక్కనీ గొర్రె ఉన్నితో నేసే నల్ల గొంగడే, కాస్త గుచ్చుకుంటుంది కానీ దాని వెచ్చదనం దానిదే. థర్మామీటర్ 19 దగ్గర కదల్లేదు. నేను మాత్రం పావుగంటలో స్వెటర్ జిప్ కిందికి లాగా. ఐదు గంటలకి స్మార్ట్ ప్లగ్‌లో చూపించింది 0.3 యూనిట్ లోపే.

మరి వేళ్ల సంగతి? నన్ను ఆశ్చర్యపరిచింది ఇదే. ఒంటికి చలేస్తే శరీరం చేతులకీ కాళ్లకీ రక్తం తగ్గించి, గుండె, పొట్ట చుట్టూ వేడి కాపాడుకుంటుంది. పాదాలు, తొడలు వెచ్చబడితే ఆ పొదుపు అవసరం తగ్గుతుంది, వేళ్లకి రక్తం మళ్లీ వస్తుంది. గదిని వేడి చేయడం కంటే మనిషిని వేడి చేయడం మేలన్నది కొత్త ఆలోచన కూడా కాదు. జపాన్ వాళ్ల కొటాట్సు అంటే బల్ల కింద హీటర్, పైన బొంత. కశ్మీరీలు ఫెరన్ లోపల కాంగ్రీ పెట్టుకుంటారు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీ వాళ్లు ఆఫీసుల కోసం హీటెడ్ కుర్చీలు, ఫుట్ వార్మర్లు తయారుచేసి మరీ పరీక్షించారు.

టెస్ట్ 2: మేడ్చల్, 15 బై 20 రేకుల షెడ్డు

ఓఆర్ఆర్ సర్వీస్ రోడ్డు పట్టుకుని పొద్దున ఆరింటికల్లా బావ దగ్గరికి వెళ్లా. షాపు పదింటికి తెరిచినా, ముందు రోజు మిగిలిన బోర్డులు ఆయన ఆరు నుంచి తొమ్మిది దాకా చూస్తాడు. పైన స్టీల్ రేకు, నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, ముందు రోలింగ్ షట్టర్, కింద గచ్చు.

బయట 12. లోపల 14.5. నా గదిలా స్లాబ్ లేదు కాబట్టి పగటి వేడి ఏమీ మిగల్లేదు. 2000 వాట్ల ఫ్యాన్ హీటర్ గంట తిప్పాం. బెంచీ ఎత్తులో 16.5 వచ్చింది. నిచ్చెన ఎక్కి రేకు కింద పెడితే 21. అంటే బావ డబ్బు పెట్టి పిచ్చుకల్ని వెచ్చబెడుతున్నాడు.

లెక్క కూడా అదే చెబుతుంది. పల్చటి రేకు, సగం ఇటుక గోడ, షట్టర్ సందులు కలిపితే ఆ షెడ్డుని బయటి కంటే 8 డిగ్రీలు ఎక్కువ ఉంచడానికి 3500 వాట్లు అటూ ఇటూగా నిరంతరం కావాలి. దానికి తోడు సోల్డరింగ్ పొగ పోవడానికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతుంది. పొగతో పాటు వేడి గాలినీ బయట పారబోస్తుంది. ఫ్యాన్ ఆపమని చెప్పలేం, ఊపిరితిత్తులు ముఖ్యం. చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే అన్నమాట.

ఇంకా పెద్ద సమస్య బెంచీ మీదే ఉంది. బోర్డులు కడిగే ఐపీఏ, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ఇది 12 డిగ్రీల దగ్గరే అంటుకునేంత ఆవిరినిస్తుంది. ఆ ఆవిరి గాలి కంటే బరువు, కిందికి దిగి నేల మీద పరుచుకుంటుంది. మనం హీటర్ పెట్టేది ఎక్కడ? నేల మీదే. ఎర్రగా మండే రాడ్ కానీ, వేడి కాయిల్ మీదుగా గాలి లాగే ఫ్యాన్ హీటర్ కానీ అక్కడ ఉండకూడదు.

"మరి హాట్ ఎయిర్ గన్ రోజూ వాడుతున్న గదా బామ్మర్దీ?" అన్నాడు.

"అది నీ చేతిలో ఉంటది బావా, కళ్ల ముందు. హీటర్ నీ వెనక ఉంటది, దాన్ని చూసేటోళ్లు ఎవరు?" అన్నా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఐపీఏ సీసా మూత బిగించి అల్మారాలో పెట్టాడు.

చివరికి చేసింది ఇది: కాళ్ల కింద గచ్చు తగలకుండా చెక్క పలక, దాని మీద రబ్బర్ మ్యాట్. బావకొకటి, హెల్పర్ అబ్బాయికొకటి ఫుట్ వార్మర్లు. షట్టర్ కింద సందుకి రబ్బర్ పట్టీ. షెడ్డు ఇప్పటికీ 15 డిగ్రీలే. కానీ ఫోన్‌లో ఫిర్యాదు రాలేదు.

డబ్బుంటే ఆ షెడ్డుకి పెట్టాల్సిన ఖర్చు హీటర్ మీద కాదు, రేకు కింద. ఫోమ్ షీటో, ఫాల్స్ సీలింగో వేస్తే డిసెంబర్‌లో వేడి పోదు, మే నెలలో వేడి రాదు. పైన తెల్ల కూల్ రూఫ్ పెయింట్ వేస్తే ఎండాకాలం పనికొస్తుంది కానీ చలికి పనికిరాదు, రెండింటినీ కలపొద్దు. ఒకే ఖర్చుతో రెండు కాలాలకీ పనికొచ్చేది ఇన్సులేషన్ ఒక్కటే.

అసలు దెబ్బ బిల్లులో ఉంది

హీటర్ రివ్యూల్లో "గంటకి ఇన్ని రూపాయలు" అని ఒక లెక్క రాసి వదిలేస్తారు. మన దగ్గర అలా కుదరదు, స్లాబులు ఉన్నాయి. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన ఇళ్ల టారిఫ్ ఇదీ: నెలకి 100 దాటి 200 యూనిట్ల లోపు అయితే మొదటి 100కి 3.40, తర్వాతి 100కి 4.80. 200 దాటితే మొదటి 200 మొత్తానికీ 5.10, 201 నుంచి 300 దాకా 7.70, 400 దాకా 9.00, ఆ పైన 800 దాకా 9.50. ఫిక్స్‌డ్ ఛార్జీలు, కస్టమర్ ఛార్జీలు, డ్యూటీ విడిగా. రేట్లు మారి ఉంటే మీ బిల్లు చూసి సరిచేసుకోండి.

దీంట్లో మెలిక గమనించండి. 200 యూనిట్లకి ఎనర్జీ ఛార్జీ 820 రూపాయలు. 201 యూనిట్లకి 1027.70. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయలు!

చలికాలంలో ఏసీ, కూలర్ లేకుండా 170 యూనిట్లు వాడే ఇల్లు అనుకుందాం. ఎనర్జీ ఛార్జీ 676. రోజూ వాడితే నెలకి అదనంగా పడేది ఇలా ఉంటుంది:

• 2000 వాట్ల హీటర్ ఐదు గంటలు ఆగకుండా: 300 యూనిట్లు, అదనంగా 2679 రూపాయలు
• 800 వాట్ల హాలోజన్ నాలుగు గంటలు: 96 యూనిట్లు, అదనంగా 852 రూపాయలు
• 60 వాట్ల ఫుట్ వార్మర్ ఐదు గంటలు: 9 యూనిట్లు, అదనంగా 43 రూపాయలు

ఇక గృహజ్యోతి ఉన్న ఇళ్లకి ఇది ఇంకా పదును. 2024లో మొదలైన ఈ పథకంలో 200 యూనిట్ల లోపు ఉంటే జీరో బిల్లు. 200 దాటితే పూర్తి బిల్లు కట్టాలి. 170 వాడే ఇంట్లో రోజుకి గంటన్నర 800 వాట్ల హాలోజన్ వెలిగిస్తే నెలకి 36 యూనిట్లు, మొత్తం 206. సున్నా బిల్లు కాస్తా వెయ్యి దాటుతుంది. ఇంట్లో టైలరింగ్ చేసుకునేవాళ్లు, పొద్దున్నే ఆన్‌లైన్ ట్యూషన్ చెప్పేవాళ్లు ఈ లెక్క తెలియకుండా హీటర్ తెచ్చుకుంటే ఆ నెల సంపాదనలో ఒక ముక్క అటే పోతుంది. నేను ఈ ఆర్టికల్ రాయడానికి అసలు కారణం కూడా ఇదే.

బావ షెడ్డుది కమర్షియల్ మీటర్. అక్కడ 101 నుంచి 300 యూనిట్ల మధ్య 9.90, 301 నుంచి 500 దాకా 10.40. నెలకి 220 యూనిట్ల వాడకం ముందే ఉంది. రోజుకి మూడు గంటల చొప్పున 26 రోజులు ఆ ఫ్యాన్ హీటర్ తిప్పితే 156 యూనిట్లు, దాదాపు 1580 రూపాయలు. రెండు ఫుట్ వార్మర్లకి అదే సమయానికి వంద లోపు.

హాట్ అండ్ కోల్డ్ ఏసీ సంగతేంటి?

ఒకటికి ఒకటి అనే రూల్‌ని దాటేది ఇదొక్కటే. ఎందుకంటే ఇది వేడిని పుట్టించదు, మోసుకొస్తుంది. ఫ్రిజ్ లోపలి వేడిని వెనక్కి తోసినట్టు, ఈ ఏసీ బయటి గాలిలోని వేడిని లోపలికి తోస్తుంది. 12 డిగ్రీల గాలిలో కూడా వేడి బోలెడంత ఉంటుంది. ఒక యూనిట్ కరెంట్‌తో మూడు యూనిట్ల పైన వేడి తెస్తుంది. మంచు కురిసే ఊళ్లలో దీని పనితనం పడిపోతుంది. మన చలి దానికి ఆటలాంటిది.

డైకిన్, పానాసోనిక్, ఎల్‌జీ లాంటి కంపెనీలు ఇలాంటి మోడల్స్ అమ్ముతున్నాయి. కొనేటప్పుడు ఒక జాగ్రత్త. స్టార్ లేబుల్ మీద ఉండే ఐఎస్ఈఈఆర్ నంబర్ చల్లదనానికి సంబంధించింది, వేడికి కాదు. స్పెసిఫికేషన్స్‌లో హీటింగ్ కెపాసిటీ వాట్స్‌ని హీటింగ్ పవర్ ఇన్‌పుట్ వాట్స్‌తో భాగించండి. 3 కంటే ఎక్కువ వస్తే బాగుంది. వాడేటప్పుడు గాలి రెక్కల్ని కిందికి తిప్పండి, లేకపోతే వేడంతా పైనే ఉంటుంది.

అయితే దీనికోసమే కొత్త ఏసీ కొనొద్దు. ఆయిల్ హీటర్ బదులు దీన్ని రోజుకి ఐదు గంటలు, 45 రోజులు వాడితే మిగిలేది సుమారు 165 యూనిట్లు, అంటే సీజన్‌కి 1300 రూపాయలు. మామూలు ఇన్వర్టర్ ఏసీ కంటే ఈ మోడల్‌కి పెట్టే అదనపు వేల రూపాయలు తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది. ఎలాగూ ఎండాకాలానికి ఏసీ కొనబోతున్నారా? ఇంట్లో పసిపిల్లలు, పెద్దవాళ్లు ఉన్నారా? అప్పుడు ఆలోచించండి.

ప్లగ్, వైర్, ఫోన్: ఇవి చూడకుండా ఆన్ చేయొద్దు

మొదటి రోజు నేనే తప్పు చేశా. ఆయిల్ హీటర్‌ని మానిటర్, రూటర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి పెట్టా. అరగంటకి ప్లాస్టిక్ కాలిన వాసన. తీసి చూస్తే సాకెట్ చుట్టూ గోధుమ రంగు మచ్చ. తప్పు బాక్స్‌ది కాదు, దాని మీద 6 యాంప్స్ అని రాసే ఉంది. 2000 వాట్స్ అంటే 230 వోల్ట్స్ దగ్గర 8.7 యాంప్స్.

• వెయ్యి వాట్లు దాటిన హీటర్ ఏదైనా నేరుగా గోడకున్న 16 యాంప్స్ సాకెట్‌కే పెట్టండి. గీజర్‌కి వాడే పెద్ద పిన్ సాకెట్ అది. కన్వర్టర్ ప్లగ్‌తో చిన్న సాకెట్‌కి దించొద్దు.
• ఐఎస్ఐ గుర్తు, పడిపోతే ఆగిపోయే టిప్ ఓవర్ స్విచ్, ఓవర్ హీట్ కటాఫ్ ఉన్నవే తీసుకోండి.
• ఇంటి ఇన్వర్టర్ మీద హీటర్ నడవదు. 850 వీఏ ఇన్వర్టర్‌కి 2000 వాట్స్ అంటే వెంటనే ఓవర్‌లోడ్. 60 వాట్ల వార్మర్ మాత్రం కరెంట్ పోయినా నడుస్తుంది.
• ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్, పవర్ బ్యాంక్, ల్యాప్‌టాప్‌ని హీటర్ ఎదురుగా ఉంచొద్దు. ఐఫోన్‌ని 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని ఆపిల్ చెబుతుంది. హాలోజన్ ముందు ఆ 35 దాటడం పెద్ద పని కాదు, బ్యాటరీ ఆయుష్షు అక్కడే తరుగుతుంది.
• షుగర్ ఉండి పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు ఫుట్ వార్మర్, హీటింగ్ ప్యాడ్ డాక్టర్‌ని అడగకుండా వాడొద్దు. కాలినా తెలియదు.
• హీటర్ మీద బట్టలు ఆరేయొద్దు. హీటింగ్ ప్యాడ్ మడతపెట్టి, దాని మీద కూర్చుని వాడొద్దు.

ఎవరు ఏది తీసుకోవాలి?

ఒక్కరే కూర్చుని పనిచేసే గది: ఫుట్ వార్మర్, ఒళ్లో గొంగడి లేదా రగ్గు, తలుపు కింద సందుకి పట్టీ. అన్నీ కలిపి రెండు, మూడు వేలలో అయిపోతుంది. ఇంకా చలేస్తే అప్పుడు హీటర్ గురించి ఆలోచించండి.

ఇద్దరు ముగ్గురు ఉండే గది, రాత్రంతా షిఫ్ట్: థర్మోస్టాట్ ఉన్న ఆయిల్ హీటర్. 9 ఫిన్స్ చాలు, 13 ఫిన్స్ మన చలికి అనవసరం. షిఫ్ట్‌కి అరగంట ముందే ఆన్ చేయండి, వెచ్చబడ్డాక థర్మోస్టాట్ తగ్గించండి.

స్నానం తర్వాత పది నిమిషాలు, పిల్లల్ని స్కూలుకి రెడీ చేసే కాసేపు: ఫ్యాన్ హీటర్. నీళ్లు తగలని చోట పెట్టండి.

రేకుల షెడ్డు, వర్క్‌షాప్: గాలిని వేడి చేసే ఏ హీటరూ వద్దు. కాళ్ల కింద చెక్క, ఫుట్ వార్మర్, వీలైతే రేకు కింద ఇన్సులేషన్. థిన్నర్, ఐపీఏ, పెయింట్ ఉంటే ఎర్రగా మండే రాడ్ గడప దాటి లోపలికి రాకూడదు.

ఏసీ కొనబోతున్నవాళ్లు: బడ్జెట్ ఉంటే హాట్ అండ్ కోల్డ్.

కొనే ముందు ఒక్క పని చేయండి. పోయిన డిసెంబర్ కరెంట్ బిల్లు తీసి యూనిట్లు ఎన్నో చూడండి. 200 నుంచి ఆ అంకె తీసేస్తే మిగిలేదే మీ హీటర్ బడ్జెట్. 30 మిగిలితే రోజుకి ఒక్క యూనిట్, అంటే 2000 వాట్ల హీటర్ అరగంట. పెట్టె మీద ఏం రాసున్నా, మీ ఇంటికి సరిపడే హీటర్ ఏదో ఆ అంకే చెబుతుంది.

బావ తన ఫ్యాన్ హీటర్‌ని ఏం చేశాడని అడగొద్దు. మా అక్క దాన్ని ఇంట్లోకి పట్టుకుపోయింది. పొద్దున పిల్లల యూనిఫాం వెచ్చబెట్టడానికట, రోజూ ఐదు నిమిషాలు, చేత్తో దూరంగా పట్టుకుని. ఆ హీటర్‌కి దొరికిన సరైన ఉద్యోగం అదే అనిపించింది.